తేడాల పద్దు

మహారాష్ట్రలోని భివండిలో మగ్గం మీంచి దిగిన గ్రే బట్ట జాబ్‌వర్క్ (కూలికి చేయించే పని) చలాన్ మీద ప్రాసెస్ హౌస్‌కు బయలుదేరిందనుకోండి. సరుకు విలువ 1,20,000 రూపాయలు. టెంపో డోంబివలీకి వెళితే, సరుకు రవాణాకు ప్రభుత్వ పోర్టల్‌లో తీసే ఈ-వే బిల్లు అక్కర్లేదు. జాబ్‌వర్క్ కోసం మహారాష్ట్ర లోపల 50 కిలోమీటర్ల వరకు తీసుకెళ్ళే నూలుకూ బట్టకూ విలువ ఎంతైనా సరే 2018 జులై 1 నుంచి మినహాయింపు ఉంది. అదే సరుకు తారాపూర్ వెళితే దూరం 50 దాటుతుంది కాబట్టి విలువ చూడాలి. రాష్ట్రం లోపలి హద్దు లక్ష, సరుకు లక్ష దాటింది, బిల్లు కావాలి. 80 వేల సరుకైతే తారాపూర్‌కూ అక్కర్లేదు. సూరత్ వెళితే మాత్రం 80 వేలైనా 8 వేలైనా బిల్లు తప్పదు, ఎందుకంటే రాష్ట్రం దాటే జాబ్‌వర్క్ సరుకుకు విలువ హద్దే లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కిందట వచ్చి భివండిలోని పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లో మగ్గాలు నడిపేవారికీ లెక్కలు రాసేవారికీ ఇది రోజువారీ వ్యవహారం.

ఈ జవాబులన్నీ ఒకే ప్రోగ్రాం ఇవ్వాలి. రాష్ట్రం చూడు, దూరం చూడు, విలువ చూడు అనే తర్కం అన్నిచోట్లా ఒకటే. జవాబును మార్చేవి ఆ తర్కానికి బయట ఉండే విలువలు: 50, 1,00,000, మహారాష్ట్రకు జీఎస్టీ కోడ్ 27, గుజరాత్‌కు 24, పోర్టల్ చిరునామా, దాని తాళంచెవి. వీటినే కాన్ఫిగరేషన్ అంటున్నాం. కొత్త వెర్షన్‌ను జనం మీదికి వదిలే ముందు దాన్ని స్టేజింగ్ అనే నకలు వ్యవస్థలో పరీక్షిస్తారు, తర్వాత జనం వాడే ప్రొడక్షన్‌కు ఎక్కిస్తారు. స్టేజింగ్‌లో నెగ్గింది ప్రొడక్షన్‌లోనూ నెగ్గుతుందన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నిలబడి ఉంది. మరి ఆ రెండు చోట్లా విలువలు ఒకటేనా? ఒకటే కావాలా? వీటిలో మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్ళు తక్కువ. ఈ విషయం మీద ఇరవై ఏళ్ళుగా పోగైన పరిశోధనలనూ ప్రమాదాలనూ కలిపి చూస్తే చిక్కంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉందని నాకు అనిపిస్తుంది. స్టేజింగ్, ప్రొడక్షన్ ఎన్నటికీ ఒకటి కావు, కొన్ని విషయాల్లో కాకూడదు కూడా. కాబట్టి విడుదలకు ముందు వెతకాల్సింది పద్దులో ఎక్కని తేడాను. ప్రతి తేడాకూ ఒక పద్దు, ఒక కారణం, జవాబు చెప్పే మనిషి ఉండాలి.

ముందు ఈ విషయం ఎంత పెద్దదో చూద్దాం. 2003లో బర్క్‌లీ పరిశోధకులు ఓపెన్‌హైమర్, గణపతి, ప్యాటర్సన్ మూడు పెద్ద ఇంటర్నెట్ సేవల వైఫల్యాలను విప్పి చూశారు. మూడింటిలో రెండు సేవల్లో అతి పెద్ద కారణం యంత్రం చెడిపోవడమో ప్రోగ్రాంలో బగ్గో కాదు, నడిపేవారి పొరపాటు. ఆ పొరపాట్లలోనూ కాన్ఫిగరేషన్‌దే పెద్ద వాటా. 2011లో యిన్, ఆయన సహచరులు ఒక వాణిజ్య స్టోరేజీ వ్యవస్థ నుంచి, సెంట్ఓఎస్, మైఎస్‌క్యూఎల్, అపాచీ, ఓపెన్‌ఎల్‌డ్యాప్‌ల నుంచి 546 నిజమైన కాన్ఫిగరేషన్ తప్పులను సేకరించి పరిశీలించారు. వాటిలో 70 నుంచి 85 శాతం ఏదో ఒక విలువను తప్పుగా పెట్టడం వల్ల వచ్చినవే. అయితే ఆ విలువల తప్పుల్లో రూపాన్నో నియమాన్నో స్పష్టంగా మీరినవి 38 నుంచి 54 శాతం మాత్రమే. మిగతావి చూడ్డానికి సలక్షణంగా ఉన్న విలువలు, ఆ చోటికి మాత్రం పనికిరానివి. ఈ చివరి లెక్క మీద కాస్త ఆగాలి. ఈ-వే బిల్లు హద్దు 50,000 అని రాస్తే అది చక్కటి అంకె, కేంద్ర నియమాల ప్రకారం సరైనది కూడా. మహారాష్ట్ర లోపలి రవాణాకు మాత్రం తప్పు. అంకె రూపం చూసే పరికరం దాన్ని పట్టలేదు. పక్కన మరో చోటి విలువ పెట్టి, ఈ తేడా ఎందుకుందని అడిగితేనే పట్టుబడుతుంది.

పోల్చడం ఎందుకు కావాలో ఇక్కడ తేలిపోతుంది. ఎవరిని ఎవరితో పోల్చాలన్నది తర్వాతి మాట, అక్కడే చాలా సంస్థలు పప్పులో కాలేశాయి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త ప్రోగ్రాంను 8 సర్వర్లకు ఎక్కించాల్సి ఉండగా ఒకదానికి ఎక్కించడం మరిచిపోయారు. 2003 నుంచి వాడుకలో లేని ఒక పాత పనికి గుర్తుగా ఉన్న ఫ్లాగ్‌నే కొత్త పనికి మళ్ళీ వాడుకున్నారు. ఏడు సర్వర్లు ఆ ఫ్లాగ్‌ను కొత్త అర్థంలో చదివాయి, ఎనిమిదోది పాత అర్థంలో చదివి ఆగకుండా ఆర్డర్లు పంపింది. 212 చిన్న ఆర్డర్లు 40 లక్షలకు పైగా లావాదేవీలయ్యాయి. గాబరాలో కారణం అందక, బాగున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాం తీసేశారు, దాంతో అవి కూడా ఎనిమిదోదానిలాగే ప్రవర్తించాయి. ఎక్కించిన పనిని రెండో మనిషి సరిచూడలేదనీ, చూడాలని చెప్పే రాతపూర్వక పద్ధతే లేదనీ అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2013 అక్టోబరు ఉత్తర్వులో రాసింది. స్టేజింగ్‌ను ప్రొడక్షన్‌తో ఎంత బాగా పోల్చినా ఈ తప్పు దొరికేది కాదు. ఇక్కడ ప్రొడక్షన్‌కే ప్రొడక్షన్‌తో పొసగలేదు.

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 52 లక్షల మంది ఖాతాదారులను ఒక్క వారాంతంలో కొత్త వ్యవస్థకు మార్చింది. సోమవారానికి లక్షల మంది తమ ఖాతా తాము తెరవలేకపోయారు. కొందరికి వేరేవాళ్ళ ఖాతాలు కనిపించాయి. పరిస్థితి పూర్తిగా చక్కబడటానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది. బ్యాంకు నియమించిన స్లాటర్ అండ్ మే సంస్థ 2019 నవంబరులో ఇచ్చిన నివేదికలో మన ప్రశ్నకు నేరుగా తగిలే సంగతి ఉంది. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల మీద ఒకేసారి నడిచేలా కట్టారు, బరువు మోసే పరీక్షలు మాత్రం ఒక్కదాని మీదే చేశారు. రెండూ ఒకేలా అమర్చి ఉన్నాయని అనుకున్నారు. అలా లేవు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4.865 కోట్ల పౌండ్లు. జరిమానా మాట అటుంచితే, ఇంటి అద్దె కట్టలేక, జీతం వచ్చిందో లేదో తెలియక వారాల తరబడి నలిగిన మనుషులు ఈ కథలో ఉన్నారు. ఒక పోలిక పట్టిక వేయనందుకు ఆ నష్టం వాళ్ళ మీద పడింది.

భివండి నేతవారికి ఈ సంగతి మరొకరు చెప్పనక్కర్లేదు. శాంపిల్ ఒక మగ్గం మీద పాసవుతుంది, ఆర్డర్ ఇరవై నాలుగు మగ్గాల మీద నేస్తారు. అందులో ఒక మగ్గానికి చక్రం పళ్ళు తేడాగా ఉంటే అంగుళానికి పడే పేక పోగులు (పిక్కులు) మారతాయి, మజూరీ పిక్కుల లెక్కన కట్టే చోట డబ్బూ మారుతుంది. అందుకే మేస్త్రీ ప్రతి మగ్గం మీదా బట్ట మీద గ్లాసు పెట్టి పోగులు లెక్కపెడతాడు. అమర్చిన చక్రం మీద రాసి ఉన్న అంకెతో ఆగడు, పడుతున్న పిక్కును చూస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో జరిగే పోలికల్లో ఎక్కువ భాగం చక్రం మీది అంకె దగ్గరే ఆగిపోతోంది.

అదెలాగో దగ్గరగా చూడాలి. రెండు చోట్ల కాన్ఫిగ్ ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి డిఫ్ తీస్తారు, ఫైళ్ళు ఒకటే అని తేలితే పని అయిందనుకుంటారు. కానీ నడుస్తున్న ప్రోగ్రాం చేతికి అందే విలువ ఫైలు నుంచే రానక్కర్లేదు. కోడ్‌లోనే ఒక డిఫాల్ట్ ఉంటుంది, దాని మీద ఫైలు, ఫైలు మీద ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఆపైన డేటాబేసులో ఒక సెట్టింగుల పట్టిక, అన్నిటికీ పైన ఫీచర్ ఫ్లాగులు. రెండు ఫైళ్ళలోనూ లేని విలువను డిఫ్ చూడలేదు. స్టేజింగ్‌లో దాన్ని ఎవరో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టి ఉంటారు, ప్రొడక్షన్ గుట్టుగా డిఫాల్ట్‌తో నడుస్తుంటుంది. విలువ రకం సంగతి మరీ ప్రమాదం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాసిన ఫాల్స్ ప్రోగ్రాంకు అక్షరాల మాలగా చేరుతుంది. పైథాన్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ ఖాళీ కాని అక్షరాల మాల నిజం కిందే లెక్క. ఆపమని రాసిన ఫ్లాగ్ ఆన్ అవుతుంది. జీఎస్టీ రాష్ట్రాల కోడ్‌లలో ఢిల్లీది 07, రాజస్థాన్‌ది 08. కొటేషన్ గుర్తులు లేకుండా యామ్‌ల్ ఫైలులో రాస్తే, పాత 1.1 పద్ధతిలో చదివే లైబ్రరీ 07ను ఎనిమిది మూలంగా గల సంఖ్య అనుకుని 7 చేస్తుంది. ఆ పద్ధతిలో 8 అనే అంకె లేదు కాబట్టి 08ను అక్షరాలుగా వదిలేస్తుంది. రాజస్థాన్‌కు వెళ్ళే సరుకుతో పరీక్షిస్తే అంతా బాగుంటుంది, ఢిల్లీ బిల్లు తప్పుతుంది. కొత్త లైబ్రరీ ఒక చోట, పాతది మరో చోట ఉంటే ఫైలు ఒకటే అయినా అర్థాలు రెండు. కాబట్టి పోల్చాల్సింది, ప్రోగ్రాం లేచి అన్ని పొరలనూ చదివి ముగించాక దాని చేతిలో ఉన్న విలువను, ఆ విలువ రకాన్ని, అది ఏ పొర నుంచి వచ్చిందన్న ఆచూకీని. ఈ మూడూ బయటపెట్టే చిన్న ఏర్పాటు ప్రోగ్రాంలోనే ఉండాలి. అది లేనిచోట ఎంత మంచి పరికరం కొన్నా ఉపయోగం అంతంతమాత్రం.

ఇక తేడాల సంగతి. హెరోకూ సంస్థలో ఆడమ్ విగిన్స్ 2011 ప్రాంతంలో రాసిన పన్నెండు సూత్రాల్లో ఒకటి, డెవలప్‌మెంట్, స్టేజింగ్, ప్రొడక్షన్‌లను వీలైనంత ఒకేలా ఉంచమంటుంది. మరొకటి, కాన్ఫిగరేషన్‌ను కోడ్ నుంచి విడదీసి ప్రతి చోటా వేరుగా పెట్టమంటుంది. రెండూ మంచి సలహాలే, కానీ రెండో సూత్రం ఉండటానికి కారణమే చోటును బట్టి మారాల్సినవి కొన్ని ఉన్నాయన్న సంగతి. ఒక్కోసారి ఒకటిగా ఉండటమే తప్పు. స్టేజింగ్ డేటాబేసు చిరునామా ప్రొడక్షన్ చిరునామాతో సరిగ్గా సరిపోయిందంటే డిఫ్ దృష్టిలో అంతా పచ్చగా ఉంటుంది. నిజానికి పరీక్ష కోసం కొట్టిన దొంగ బిల్లులు అసలు ఖాతాలో పడుతున్నాయన్నమాట. ఈ-ఇన్వాయిస్‌కు పరీక్షల కోసం ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) వేరుగా శాండ్‌బాక్స్ నడుపుతుంది, దాని చిరునామా వేరు, గుర్తింపు వివరాలు వేరు. శాండ్‌బాక్స్ చిరునామా ప్రొడక్షన్‌లో ఉండిపోతే నంబరు వస్తుంది, క్యూఆర్ కోడ్ వస్తుంది, బిల్లు మాత్రం చెల్లదు. తప్పు జరిగిన జాడ తెర మీద ఎక్కడా కనిపించదు. అందువల్ల ప్రతి విలువకూ ముందే జాతకం రాసి పెట్టుకోవాలి: పన్ను రేటు, దూరం హద్దు లాంటివి తప్పక ఒకటిగా ఉండాలి, చిరునామాలు, తాళాలు తప్పక వేరుగా ఉండాలి, డేటాబేసు కనెక్షన్ల సంఖ్య, మెమొరీ, గడువు సెకన్లు వేరుగా ఉండొచ్చు గానీ ఎంత వరకో రాసి ఉండాలి. తాళాలను పోల్చడం భద్రతకు ముప్పు అనేవారికి జవాబు తేలిక. తాళాన్ని చూపనక్కర్లేదు, రెండు వైపులా ఒకే రహస్యంతో దాని హాష్ కట్టి, వేరుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు.

మూడో జాతి, అంటే పరిమాణంలో తేడా ఉండొచ్చనుకున్నది, మోసం చేస్తుంది. ఈ-వే బిల్లు చరిత్రే దానికి సాక్ష్యం. 2018 జనవరి 16 నుంచి ప్రయోగాత్మకంగా నడిపారు, ఫిబ్రవరి 1న దేశమంతా తప్పనిసరి చేశారు. ఆ రోజే పోర్టల్ మొరాయించింది, తొలి సాంకేతిక ఇబ్బందులంటూ ప్రభుత్వం ఆ రోజే ప్రయోగ దశను పొడిగించింది. మళ్ళీ ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాతో మొదలుపెట్టి, రాష్ట్రాల లోపలి రవాణాను విడతలుగా చేర్చారు. ఏప్రిల్ 15న మొదటి విడతలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఇష్టముంటే వాడమన్నప్పుడు వచ్చే జనం వేరు, తప్పదన్నప్పుడు వచ్చే జనం వేరు. రెండోసారి విడతలుగా వెళ్ళడం ఈ తేడాను లెక్కలోకి తీసుకున్నట్టే అయింది. దీన్ని కాన్ఫిగరేషన్ వైఫల్యమని నేను అనడం లేదు. స్టేజింగ్‌లో చూపలేనిది ఏదో ముందే పద్దులో రాసుకుంటే విడుదల పద్ధతే మారుతుందని మాత్రం అంటాను.

భివండికి ఇంకా దగ్గరి పాఠం 2021 డిసెంబరు 31ది. ఆ సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 45వ సమావేశం బట్టల్లో చాలా రకాలపై పన్నును 5 నుంచి 12 శాతానికి పెంచాలని నిర్ణయించింది. నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది, 2022 జనవరి 1 నుంచి అమలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొత్త రేటుతో సిద్ధం కావాల్సి వచ్చింది. మగ్గాల ఊళ్ళలో నిరసనలు జరిగాయి. డిసెంబరు 31, శుక్రవారం, 46వ సమావేశం బట్టల పెంపును వాయిదా వేసింది. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద పెంపు మాత్రం ఆగలేదు. ఆ సాయంత్రం ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ పరిస్థితి ఊహించండి. విడుదల మొత్తాన్ని వెనక్కి తీసుకుంటే చెప్పుల బిల్లు తప్పుతుంది, ఉంచితే బట్టల బిల్లు తప్పుతుంది. సరుకు రకాన్ని సూచించే ఏ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌కు ఏ రేటు ఏ తేదీ నుంచి అన్నది వరుసలుగా రాసుకున్నవారికి కొన్ని వరుసలు తీసేసే పని. కోడ్‌లో అంకెలు గుచ్చినవారికి అర్ధరాత్రి లోపు కొత్త విడుదల. ఇక్కడ స్టేజింగ్‌కూ ప్రొడక్షన్‌కూ మధ్య ఉన్నది కాలం తేడా. జనవరి 1ని ముందే జరిపి పరీక్షించిన స్టేజింగ్, డిసెంబరు 31 సాయంత్రానికి ఎన్నడూ రాని రోజును పరీక్షించినట్టయింది. అందుకే పోలిక ఒకసారి చేసి సంతకం పెట్టి వదిలేసేది కాకూడదు. విడుదల మీట నొక్కే క్షణానికి ఎంత దగ్గరగా జరిగితే అంత విలువ.

ఇదంతా పాతకాలపు బాధ అనేవారున్నారు. 1993లో మార్క్ బర్జెస్ రాసిన సీఎఫ్‌ఇంజిన్ నుంచి పప్పెట్, యాన్సిబుల్, టెర్రాఫామ్ దాకా వచ్చిన పరికరాలు సర్వర్ల అమరికనే రాతలోకి తెచ్చాయి. డాకర్ వచ్చాక ఒకే డబ్బా (కంటైనర్) రెండు చోట్లా నడుస్తుంది, రాసినదాన్నే గిట్ నుంచి ఎక్కిస్తే తేడా ఎక్కడిది అంటారు. ఈ పరికరాలు చేసిన మేలు చాలా పెద్దది, కాదనను. అయితే డబ్బా ఒకటే కావడం వల్ల తేడాలు పోలేదు, అవన్నీ డబ్బా బయటికి, విలువల్లోకి చేరాయి. అర్ధరాత్రి సమస్య వచ్చినప్పుడు ఎవరో కన్సోల్‌లోకి వెళ్ళి చేత్తో మార్చిన గడువు గిట్‌లో ఉండదు. ఉండాల్సినదానికీ ఉన్నదానికీ తేడాను ఈ పరికరాలు చూపగలవు, కానీ తాము నిర్వహించే వస్తువులకే. డేటాబేసులోని సెట్టింగుల పట్టిక, బయటి సంస్థ పోర్టల్‌లో టిక్కు పెట్టిన గడి వాటి చూపుకు అందవు. వ్యాపార నియమాలు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. స్టేజింగ్ ఎప్పటికీ నకలే, దాని మీద శ్రమ దండగ. కొద్దిమంది వాడుకరులకు ముందు వదిలి, ప్రొడక్షన్‌లోనే గమనిస్తూ పోవాలని అనుభవజ్ఞులైన ఇంజనీర్లు వాదిస్తారు. సినిమాలు చూపే సేవకు, వార్తలు చూపే యాప్‌కు నేను ఒప్పుకుంటాను. వంద మందికి బొమ్మ ఆలస్యంగా తెరుచుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. పన్ను బిల్లుకు ఆ వెసులుబాటు లేదు. బిల్లు లేని సరుకును దారిలో పట్టుకుంటే సీజీఎస్‌టీ చట్టం 129వ సెక్షన్ కింద లారీని ఆపేస్తారు. 2022 జనవరి 1 నుంచి యజమాని ముందుకొచ్చినా కట్టాల్సిన జరిమానా పన్నుకు రెండింతలు. ఆ కొద్దిమందిలో ఒకరు పడుగు బీములు అప్పు మీద తెచ్చుకున్న పది మగ్గాల జాబ్‌వర్కర్ కావచ్చు. మన పరీక్ష కోసం అతని టెంపోను రోడ్డు మీద నిలబెట్టే హక్కు మనకు లేదు. పైగా ఇలాంటి తప్పు గ్రాఫులో కనిపించదు. బిల్లు అక్కర్లేదన్న తప్పు జవాబు కూడా సర్వర్‌కు విజయవంతమైన జవాబే. ఆపదలో మాత్రమే వాడే విలువలదీ ఇదే తీరు. మొదటి సర్వర్ పడిపోతే రెండోదాని చిరునామా మామూలు రోజున ఎవరూ చదవరు. 2016లో టియాన్‌యిన్ షు బృందం చూపింది ఇదే: ఆపదలో ఆదుకోవాల్సిన సెట్టింగుల్లో చాలావాటిని ప్రోగ్రాం లేచేటప్పుడు సరిచూడనే చూడదు.

చిన్న కార్యాలయాల సంగతి ఏమిటంటే, భివండి లెక్కల గదుల్లో చాలాచోట్ల సొంత సర్వరూ ఉండదు, స్టేజింగ్ అన్న మాటా వినపడదు. ట్యాలీ లాంటి ప్యాకేజీ, అందులో ఒక కంపెనీ డేటా. అప్‌డేట్ వేసే ముందు ఆ డేటాకు నకలు తీసి వేరే కంప్యూటర్లో తెరిచి చూడటమే వారి స్టేజింగ్. పెద్ద పరికరాలు లేవు కాబట్టి ఈ పద్ధతి వారికి కాదనడం నాకు సరిగా తోచదు. వారి విలువలు ఒక కాగితం మీద పడతాయి: ఏ ఐటెంకు ఏ రేటు, ఈ-వే హద్దు ఎంత, బిల్లు నంబరు ఎక్కడి నుంచి, పోర్టల్ లాగిన్ ఎవరిది. అప్‌డేట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆ కాగితంతో సరిపోల్చడం ఒక మనిషి మధ్యాహ్నం పని. నకలు కంపెనీలో పోర్టల్ లాగిన్ తీసేశారా అన్నది ఆ కాగితంలో మొదటి వరుస కావాలి.

2025 సెప్టెంబరు 22న వచ్చిన మార్పు ఈ పద్దుకు మరో వరుస చేర్చింది. కృత్రిమ పోగుల నూలు మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. సెప్టెంబరు 10న 12 శాతంతో కొన్న నూలులో కొన్ని కోన్లు బాగాలేక అక్టోబరులో వాపసు చేస్తే క్రెడిట్ నోటు పాత రేటుతోనే రావాలి, ఆ వాపసు రోజే కొన్న కొత్త నూలుకు 5 శాతం. రెండు రేట్లూ ఒకే రోజు ఒకే ప్రోగ్రాంలో బతికి ఉండాలి. కొత్త తేదీల బిల్లులతో మాత్రమే నింపిన స్టేజింగ్‌లో రేట్ల పట్టిక ప్రొడక్షన్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవచ్చు, పాత వరుస రెండు చోట్లా ఒకేలా తుడిచిపెట్టుకుపోయి ఉండవచ్చు. అప్పుడు పోలికకు ఏ తేడా దొరకదు. ఈ ఒక్క తప్పు కోసం, విడుదలకు ముందు స్టేజింగ్‌లో మార్పు తేదీకి ముందరి బిల్లు ఒకటి తీసి దాని మీద వాపసు రాసి చూడాలి.